కళ్ళు మూసుకుని అతకను

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతి అయిందనిపించి బడి మానేశాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో కొలతలు వేసుకోవడం తప్ప ఇంత పొడుగున ఎప్పుడూ రాయలేదు. అక్షరాలు వంకరపోయినా, మాటలు ముందువి వెనక్కి వెళ్ళినా కాస్త ఓర్చుకుని చదవండి. నవ్వు వస్తే నవ్వుకోండి. నవ్వులపాలవడం నాకు ఈ మధ్య బాగా అలవాటయింది.

ఎందుకు రాస్తున్నానంటే, మా ఊళ్ళో నా గురించి ఒక మాట తిరుగుతోంది. వీడు భయపడి పని చెడగొట్టుకున్నాడు, చేతిలో ఉన్న షెడ్డు పోగొట్టుకున్నాడు అని. భయపడ్డ మాట నిజమే. పని చెడగొట్టుకున్నానన్నది మాత్రం అబద్ధం. ఎదురుపడి చెబితే ఎవరూ పూర్తిగా వినడం లేదు, సగంలోనే నవ్వుతున్నారు. కాగితం మీద అయితే మధ్యలో అడ్డం రారు కదా అని మొదలుపెట్టాను.

నేను వెల్డింగ్ పనివాణ్ణి. కూచిపూడి నుంచి కాలవ గట్టు వెంట కొంచెం దూరం వస్తే మా ఊరు. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పని చేసేవాణ్ణి. గేట్లు, కిటికీ ఊచలు, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిమ్మే యంత్రాల ఫ్రేములు, ఏది వస్తే అది. తొలకరి పడి కాలవలకి నీళ్ళు వదిలారంటే మాత్రం ఇంకేం పని ఉండదు, అన్నీ దమ్ము చక్రాలే. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, నాట్లకి ముందు నీళ్ళు పెట్టిన పొలాన్ని బురదగా కలియదున్ని దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి బిగించే ఇనుప చక్రాలు అవి. చుట్టూ రెక్కలుంటాయి. ఏటా ఆ రెక్కలు ఊడతాయి, ఏటా మేం అతుకుతాం. మా వంటివాళ్ళకి అన్నం పెట్టేది ఆ ఊడిపోయే రెక్కలే.

నాకు పని నేర్పింది మా మేస్త్రి. ఇప్పటికీ ఉన్నాడు, ఊరికి అటు చివర ఆయన షెడ్డు. ఆయన మొహానికి ఎప్పుడూ ఏదీ అడ్డం పెట్టుకునేవాడు కాదు. కరెంటుతో కరిగే రాడ్డు మొన ఇనుము దగ్గరికి తెచ్చి, చోటు చూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కొట్టేవాడు. అతుకు పడిందో లేదో చప్పుడు విని చెప్పేవాడు.

"వేరుశనక్కాయలు వేగినట్టు చిటపటలాడాలిరా" అనేవాడు నాతో. "బుస కొట్టిందంటే రాడ్డు దూరంగా ఉన్నట్టు. మూగబోయిందంటే అంటుకుపోయినట్టు. కళ్ళతో పనేంటి దీనికి?"

అద్దం పెట్టుకునేవాడు పనివాడు కాదన్నది మా లైన్లో అందరూ అనే మాట. నల్ల అద్దం బిగించిన, చేత్తో పట్టుకునే అడ్డం ఒకటి మా షెడ్డులో ఉండేది. దాన్ని తిరగేసి మేకులు పోసుకునేవాళ్ళం. నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే కొట్టాను. రెప్పలు మూసినా ఆ వెలుగు రెప్పల్లోంచి ఎర్రగా లోపలికి వచ్చేస్తుంది. సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసి రుద్దినట్టు ఉండేది. మా ఆవిడ నందివర్ధనం పువ్వులు కోసి రెప్పల మీద పెట్టేది. మరీ ఎక్కువైతే ఉగ్గుగిన్నె పట్టుకుని వీధిలోకి వెళ్ళేది. ఎవరింట్లో పచ్చి బాలింత ఉందో ఆవిడకి ఎప్పుడూ తెలిసేది. నాలుగు చుక్కల చనుబాలు అడిగి తెచ్చి నా కళ్ళల్లో వేసేది. లేదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ వీధి పిల్లలందరూ నాతో పాలు పంచుకున్నవాళ్ళేనని నేను జోకు వేసేవాణ్ణి. ఇందులో సిగ్గుపడేది ఏముంది, వెల్డింగ్ వాళ్ళ ఇళ్ళల్లో అంతా అంతే.

ఎడమ కన్ను పోయింది వెలుగు వల్ల కాదు. రాడ్డుతో అతికాక అతుకు మీద నల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని సుత్తితో కొట్టి ఊడగొట్టాలి. ఒక రోజు అలా కొడుతుంటే వేడివేడి ముక్క ఎగిరి కంట్లో పడింది. మా పక్క వీధిలో నాలుకతో నలుసులు తీసే ముసలమ్మ ఒకామె ఉండేది. ధాన్యం నూర్చేటప్పుడు పడ్డ ఊక, ఇనుప రజను, ఏదైనా సరే, రెప్ప పైకెత్తి నాలుక కొసతో తీసేసేది. నేనే పిలిపించాను. తీసింది. నాలుక మీద నల్లటి చుక్క చూపించి "ఇదిగోరా నాయనా, నీ ఇనుము" అంది. ఎంత హాయిగా ఉందో అప్పుడు. తర్వాత చీము పట్టింది. మేం మళ్ళీ నందివర్ధనాలే పెట్టాం, మళ్ళీ పాలే వేశాం. చివరికి కంట్లో పువ్వు వేసింది. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చని మా వైపు పువ్వు అంటారు. ఆ ముసలమ్మ మీద నాకు కోపం లేదు. ఆమెకి వచ్చింది ఆమె చేసింది.

విజయవాడ గవర్నర్‌పేటలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన లైటు వేసి చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఆలస్యం చేశారు" అన్నాడు. "మచ్చ లోతుగా ఉంది. ఇప్పుడు మనం కాపాడుకోవాల్సింది రెండో కన్ను. ఏం పని చేస్తారు?"

"వెల్డింగ్ అండీ."

ఆయన మా ఆవిడ వైపు చూశాడు. ఆ చూపుతోనే ఆవిడకి అర్థమైపోయింది. ఉయ్యూరు మీదుగా బస్సులో ఇంటికొచ్చాం. దిగగానే ఆవిడ "ఇక అయిపోయింది" అంది. "రేపట్నుంచి ఆ షెడ్డు వైపు వెళ్ళావంటే నా మీద ఒట్టే."

ఆవిడ తమ్ముడు బెజవాడలో ఉంటాడు. వారం తిరక్కుండా వచ్చాడు. నాకో ఉద్యోగం చూశాడట.

"అపార్టుమెంటు వాచ్‌మన్ బావా" అన్నాడు. "కుర్చీలో కూర్చోవడమే. ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో చూస్తూ ఉండాలి, అంతే."

"సగమే చూస్తాను, సగం జీతం ఇస్తారా?" అన్నాను.

వాడు నవ్వలేదు. మా ఆవిడ అసలే నవ్వలేదు. నాకు ఆ క్షణంలో ఒళ్ళు మండిపోయింది. వీళ్ళంతా నా మంచికే చెబుతున్నారు, అదీ తెలుసు. కానీ నాకు చేతనైంది ఒక్కటే. ఇనుముని ఇనుముతో కలపడం. కన్ను ఒకటి పోయిందని చేతులు కూడా తీసి గేటు దగ్గర పెట్టి కూర్చోమంటే నా వల్ల కాదు. పని మానను, ఉన్న కన్నూ పోనివ్వను, ఏం చేస్తే రెండూ కుదురుతాయో చెప్పండి అన్నాను. వాళ్ళకీ తెలియదు కదా.

షెడ్డుకి వెళ్ళి చూస్తే అసలు కష్టం అప్పుడు అర్థమైంది. ఒక్క కన్నుతో ఏది ఎంత దూరంలో ఉందో తెలియదు. గ్లాసులో నీళ్ళు పోస్తే పక్కన పోసేవాణ్ణి. మెట్టు ఉందనుకుని గాల్లో కాలు వేసేవాణ్ణి. రాడ్డు కొడితే ఇనుముకి తగలదు, లేకపోతే గుద్దుకుని అంటుకుపోతుంది. రాడ్డు పనికి రాడ్డుకీ ఇనుముకీ మధ్య ఉండే ఆ కొంచెం సందే ప్రాణం. ఆ సందు తెలియనివాడు రాడ్డు పని చేయలేడు. రెండు రోజులు రాడ్లు విరగ్గొట్టి, మూలన కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడ్చాను కూడా. ఇది రాయకూడదనుకున్నాను, రాసేశాను.

పామర్రులో బస్సు బాడీలు కట్టేచోట ఒకప్పుడు వైరు మిషను చూశాను. దానికి రాడ్డు ఉండదు. లోపల వైరు చుట్ట ఉంటుంది, మీట నొక్కితే గన్ను మూతిలోంచి వైరు దానంతట అదే వస్తూ కరుగుతుంది. చుట్టూ గ్యాసు వస్తుంది. అది గుర్తొచ్చింది. గన్ను మూతిని ఇనుము మీద ఆనించి, నింపాదిగా చోటు చూసుకుని, అప్పుడు మీట నొక్కొచ్చు. దూరం కంటితో కొలిచే పని లేదు, చేత్తో తెలుస్తుంది. గ్యాసుతో అతికితే నల్ల పెచ్చు కట్టదు, సుత్తితో కొట్టక్కర్లేదు. నా కన్ను తీసింది ఆ పెచ్చే కదా.

ఎవరికీ చెప్పకుండా బెజవాడ వన్ టౌన్‌లో మిషన్లు అమ్మే కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన పెద్దాయన, పంచె కట్టుకుని ఫ్యాను కింద కూర్చున్నాడు. మనిషి ఎత్తున్న మిషను చూపించి మొదలుపెట్టాడు.

"ఇది తీసుకోండి, రాయి లాంటిది. లారీ ఛాసీ అయినా అతుకుతుంది."

"మా ఊళ్ళో త్రీ ఫేజ్ కరెంటు ఇంటికి రాదండీ. సాయంత్రమైతే బల్బులే గుడ్డిగా వెలుగుతాయి. మామూలు ఇంటి కరెంటుకి పనిచేసేది కావాలి. మోపెడ్ మీద పెట్టుకెళ్ళేలా ఉండాలి."

"అయితే చిన్నదే." ఒక సూట్‌కేసు అంత డబ్బా బల్ల మీద పెట్టాడు. "ఇందులో మూడు పనులున్నాయి. గ్యాసుతో వైరు, గ్యాసు లేకుండా వైరు, మామూలు రాడ్డు. స్టీలు పనికి ఇంకో గన్ను తగిలిస్తే టిగ్గు అనే సన్నటి అతుకు కూడా వస్తుంది."

"ఎంతసేపు కాల్చొచ్చు ఆగకుండా?"

ఆయన అప్పుడు నా మొహం వైపు సరిగ్గా చూశాడు. "ఆ మాట అడిగేవాళ్ళు తక్కువ" అన్నాడు. "కరెంటు గట్టిగా పెట్టి కాలిస్తే ఎక్కువ సేపు కాలదు. కాలినదాని కంటే ఎక్కువసేపు ఆగనివ్వాలి. పసుపు లైటు వెలిగిందంటే అలిసిపోయినట్టు. అప్పుడు స్విచ్చి ఆపకూడదు, లోపల ఫ్యాను తిరగనివ్వాలి. తొందరపడ్డావంటే నాకే తెచ్చిస్తావు రిపేరుకి."

"ఒంటికన్నుతో కొట్టాలండీ" అన్నాను. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను.

ఆయన జోకనుకున్నాడు. తర్వాత నా ఎడమ కన్ను చూశాడు. లోపలికి వెళ్ళి ఒక ముసుగు తెచ్చాడు. తలకి పెట్టుకునేది, ముందు అద్దం ఉంది. "పెట్టుకుని చూడు" అన్నాడు. పెట్టుకుంటే మామూలుగానే అన్నీ కనిపిస్తున్నాయి, కాస్త పచ్చగా. కొట్టు వెనక ఖాళీలో పనివాడి చేత చిన్న ముక్క అతికించాడు. మీట నొక్కగానే అద్దం తనంతట తాను నల్లబడిపోయింది. ఆపగానే మళ్ళీ తేటగా అయిపోయింది. ముసుగు ఎత్తడం, దించడం లేదు. చోటు తప్పిపోవడం లేదు.

"రోజూ పని మొదలుపెట్టే ముందు ఒకసారి పరీక్ష చేసుకో" అన్నాడాయన. "బ్యాటరీ అయిపోతే నల్లబడదు. అద్దం మీద పగులొస్తే మార్చెయ్. దీని కింద మామూలు తెల్ల కళ్ళజోడు కూడా పెట్టుకో, గ్రైండింగు పట్టేటప్పుడు ముసుగు తీసేస్తావు కదా, అప్పుడు అదే నీకు కాపలా."

పాత మిషను అమ్మిన డబ్బుతో ఆ చిన్న డబ్బా కొన్నాను. దానితో పాటు ముసుగు, తోలు చేతొడుగులు, తోలు ముందుగుడ్డ, రబ్బరు బూట్లు, చిన్న గ్యాసు సిలిండరు, లావు కేబులు. సన్న కేబులు వేస్తే వేడెక్కి కాలుతుందని ఆయనే చెప్పాడు. బస్సులో తెస్తుంటే కండక్టరు "ఏంటయ్యా, పెళ్ళి సామానా" అన్నాడు.

ఇంటికి తెచ్చాక మొదటి గొడవ మా ఆవిడతో. ఒట్టు తప్పినందుకు కాదు. ఆ సంగతి రెండు రోజులు అన్నం పెట్టి మాట్లాడకుండా తేల్చేసింది. మిషన్ని చూశాక, ఎలాగూ తెచ్చాడు కాబట్టి శాస్త్రం ప్రకారం జరగాలనుకున్నట్టుంది. పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, కొబ్బరికాయ తెచ్చి మిషను మీద కొట్టబోయింది. పాత మిషన్లన్నిటికీ అలాగే చేశాం. దుక్కలాంటి ఇనుము, నూనెలో రాగి తీగ, ఏమీ కాదు. దీనికి పైన జాలీ ఉంది, లోపల టీవీలో ఉన్నట్టు పలకలున్నాయి.

"నీళ్ళు పడితే చచ్చిపోతుందే" అని అడ్డం పడుకున్నంత పని చేశాను.

"అమ్మవారికి కోపం వస్తుంది."

"అమ్మవారికి నేను చెప్పుకుంటాను. కొట్టాయనకి ఎవరు చెబుతారు?"

చివరికి గడప మీద కొట్టింది. పసుపు ముద్ద కాకుండా ఒక్క బొట్టు పెట్టనిచ్చాను. హారతి మాత్రం సిలిండరు అవతల. షెడ్డు పక్కన గుంట తవ్వి ఉప్పూ బొగ్గూ పోసి ఎర్త్ వేశాను. దారిన పోయేవాళ్ళు ఆగి "ఎవర్ని పూడుస్తున్నావురా" అని అడిగి వెళ్ళారు. సిలిండరుని గొలుసుతో స్తంభానికి కట్టాను. షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్న డీజిల్ డబ్బాలు, నూనె గుడ్డలు బయట పారేశాను. ఇవన్నీ ఇన్నాళ్ళూ నా కాళ్ళ దగ్గరే ఉన్నాయని అప్పుడే కనిపించింది.

మొదటి అతుకు చూశాను. జల్లెడ. అన్నీ బెజ్జాలే, గారె లోపల ఉన్నట్టు. వేసవి సాయంత్రం, సముద్రం వైపు నుంచి పైరగాలి హాయిగా వీస్తోంది. ఆ గాలి కోసం మా డెల్టాలో జనం మంచాలు బయట వేసుకుని ఎదురుచూస్తారు. ఆ గాలే నా గ్యాసుని ఊదేస్తోంది. కరిగే చోట గ్యాసు గొడుగు పట్టాలి, గొడుగు ఎగిరిపోతే అతుకు గుల్లబారుతుంది. అది తెలుసుకునేసరికి మా మేస్త్రి రానే వచ్చాడు. వార్త అప్పటికే అటు చివరికి చేరింది.

ఆయన ఆ ముక్కని చేత్తో తిప్పి చూశాడు. "ఇడ్లీ బాగా పొంగిందిరా" అన్నాడు. "చట్నీ ఎక్కడ?"

షెడ్డు ముందు కూర్చున్న నలుగురూ పడీ పడీ నవ్వారు. నేను టార్పాలిన్ పట్టా తెచ్చి సముద్రం వైపు తెర కట్టాను. పొగ పోవడానికి రెండో వైపు వదిలేశాను. మళ్ళీ కొట్టాను. ఈసారి అతుకు నున్నగా, పడుచుపిల్ల జడ అల్లినట్టు వచ్చింది. మేస్త్రి దాన్నీ తిప్పి చూశాడు, ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన మెచ్చుకోలు.

ఆ తెర ఇంకో పనికొచ్చింది. ఇదివరకు గిరాకీలు బెంచీ మీద కూర్చుని వెలుగులోకి చూస్తూ కబుర్లు చెప్పేవాళ్ళు. ఇప్పుడు తెర అవతల కూర్చోమన్నాను. వాళ్ళకి నచ్చలేదు. రోహిణీ కార్తె ఎండలో నేను తోలు కప్పుకుని, ముసుగేసుకుని, తెర చాటున కూర్చుంటే ఎన్ని పేర్లు పెట్టారో చెప్పలేను. "తెర తీయండర్రా, పెళ్ళికూతుర్ని చూద్దాం" అనేవాళ్ళు. "వేషం కట్టాడు, గజ్జెలొకటే తక్కువ" అనేవాళ్ళు, కూచిపూడి పక్కనే కదా. చెమట కారి బూట్లలోకి దిగేది. అయినా ఒక్కసారి కూడా ముసుగు తీయలేదు. వాళ్ళు నవ్వినకొద్దీ నాకు మొండితనం ఎక్కువైంది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మేస్త్రి మళ్ళీ వచ్చాడు. కాసేపు బీడీ కాల్చి, గ్యాసు వైపు చూసి తనే ఆర్పేసి, "అది ఇటివ్వరా ఒకసారి" అన్నాడు. ముసుగు ఇచ్చాను. చేతొడుగులు కూడా తొడిగాను. నా పాత చేతి అడ్డం నేను పట్టుకున్నాను. గన్ను ఆయన చేతికిచ్చి, ఆనించి నొక్కమన్నాను. ఆయన నొక్కాడు. నేను ఆయన చేతినే చూస్తున్నాను. కొంచెం దూరం వెళ్ళి ఆ చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆగాడు.

"లోపల నీళ్ళలాగా తిరుగుతోందిరా" అన్నాడు చివరికి. "ఇనుము. బొట్టులాగా... అంచులు తడిగా..."

"అవును మేస్త్రి గారూ."

"ఇలా ఉంటుందా అది?"

తల నెరిసేదాకా ఇనుము కరిగించిన మనిషి, కరిగిన ఇనుముని ఒక్కసారీ చూడలేదు. నేనూ అంతే కదా, ఆ ముసుగు కొనేదాకా. ఆయన ముసుగు తీసి ఒళ్ళో పెట్టుకుని దాని అద్దం పంచెతో తుడిచాడు.

"మీరూ ఒకటి తెచ్చుకోండి" అన్నాను.

"చెవి చాలురా నాకు" అని లేచిపోయాడు. మర్నాడు ఆయన షెడ్డు ముందు నుంచి వెళ్తే కళ్ళు మూసుకుని కొడుతూనే కనిపించాడు. ఆయనని నేనేమీ అనను. ఆయన మొండితనం ఆయనది, నాది నాది.

ఇక షెడ్డు సంగతి. నా షెడ్డు ఉన్న జాగా మా ఊరి పెద్ద రైతుది. చెరువులూ పొలాలూ కలిపి ఆయనకి చాలా ఉన్నాయి. రోడ్డు పక్క ఆ ముక్క ఖాళీగా ఉందని నన్ను వేసుకోనిచ్చాడు. దానికి బదులుగా ఆయన ట్రాక్టర్ల పని ముందు చేయాలి, అదీ ఒప్పందం. ఏనాడూ ఒకరి మీద ఒకరికి ఫిర్యాదు లేదు.

మొన్న తొలకరికి కాలవలు వదిలారు. ఆయన పొలంలో దమ్ము నడుస్తుండగా చక్రం రెక్కలు రెండు ఊడి, చక్రం వంకరపోయింది. ట్రాక్టరు మడి మధ్యలో దిగబడింది. పైన సన్నగా వాన. ఆయన మోటార్ సైకిలు మీద నేరుగా నా షెడ్డుకి వచ్చాడు.

"మిషను తీసుకుని ఎక్కు" అన్నాడు. "మోటారు షెడ్డు నుంచి వైరు లాగిస్తాను. అక్కడే అతికేయాలి."

"చక్రం విప్పి తెప్పించండి, వెంటనే చేసేస్తాను."

"ఆ బురదలో ఎవడు విప్పుతాడయ్యా? నారు పీకేశారు, రేపు నాట్లకి మనుషులొస్తున్నారు. ఈ పూట దమ్ము అయిపోవాలి."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పీకిన నారు ఎక్కువ ఆగదు, నాటు కూలీలు ఇవాళ వదిలితే మళ్ళీ దొరకరు. నాకు అన్నీ తెలుసు. కానీ మడిలో నీళ్ళు, పైన వాన, గట్ల మీద అతుకులేసిన వైరు, ట్రాక్టరుకి బ్యాటరీ తగిలించే ఉంది, తీయకుండా అతికితే అదీ పేలొచ్చు. తెర కట్టడానికి చోటు లేదు. ముసుగు అద్దం మీద వాన పడితే ఉన్న ఒక్క కన్నుకీ ఏమీ కనిపించదు. ముసుగు తీసి కొట్టాలి. అంటే కళ్ళు మూసుకుని కొట్టాలి.

"నీళ్ళలో నిలబడి చేయనండీ" అన్నాను.

"ఇన్నాళ్ళూ చేశావుగా?"

"చేశానండీ. ఇప్పుడు చేయను."

ఆయన మోటార్ సైకిలు స్టాండు వేశాడు. "ఆ ముసుగు తొడిగాక నీకు పిరికితనం పట్టుకుందని ఊళ్ళో అంటుంటే నేను నమ్మలేదు" అన్నాడు. "మాట ఒకటి అడుగుతాను. నువ్వు నిలబడ్డ చోటు ఎవరిదో గుర్తుందా?"

"మీదేనండీ. కన్ను నాది."

అంత మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన మోటార్ సైకిలు తిప్పుకుని మేస్త్రి షెడ్డు వైపు వెళ్ళాడు.

కాసేపటికి మేస్త్రి ఒక్కడే నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. వెనకాల బండి మీద ఆయన మిషను పొలానికి వెళ్తోంది.

"వెళ్ళకండి మేస్త్రి గారూ" అన్నాను.

"నువ్వు రానన్నావు, సరే. నేను కూడా రానంటే ఆయన చేను ఏం కావాలిరా?" అని నా బూట్ల వైపు చూశాడు. "అవి ఇటివ్వు. బురద."

రబ్బరు బూట్లు విప్పి ఇచ్చాను. పొడిగా ఉన్న చేతొడుగులు ఆయన అడక్కుండానే సంచీలో వేశాను. వద్దనలేదు. బూట్లు పెద్దవై టపటపలాడుతూ వెళ్ళాడు. వెళ్ళి, మడిలో చెక్కపలక వేయించుకుని నిలబడి, కళ్ళు మూసుకుని కొట్టాడట. అంతా టీ తాగే లోపు అయిపోయిందట. ఆయనకి ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి ఊరంతా నన్ను చూసి నవ్వింది. సాయంత్రం ఆ ట్రాక్టరు నా షెడ్డు ముందు నుంచి పోతూ, డ్రైవరు హారను అదే పనిగా నొక్కుతూ పోయాడు.

ఏదైనా అయి ఉంటే నేను చెప్పిందే నిజమని అందరూ ఒప్పుకునేవాళ్ళేమో. అలా ఒప్పించాలని నాకు ఏ మాత్రం లేదు. ఆయన క్షేమంగా ఇంటికొచ్చాడని తెలిశాకే నేను అన్నం తిన్నాను. బూట్లు కడిగి పంపించాడు. మా మేస్త్రి బాగుండటం వేరు, నేను రానని చెప్పడం వేరు. ఆయన బాగున్నాడని నేను తప్పయిపోను.

పెద్ద రైతు కబురు పంపాడు, దమ్ములయ్యాక జాగా ఖాళీ చేయమని. అప్పటిదాకా ఎందుకని, మర్నాడు తెల్లవారుతూనే నా రేకులు నేనే విప్పుకున్నాను. చూడటానికి చాలామంది వచ్చారు. ఎవరూ చెయ్యి వేయలేదు, నేనూ అడగలేదు. పాత పెద్ద మిషనైతే లారీ కావాల్సి వచ్చేది. నా డబ్బా మోపెడ్ ముందు పెట్టుకుని, ముసుగు తలకే తగిలించుకుని, ఊరి మధ్యలోంచి నెమ్మదిగా నడుపుకుంటూ ఇంటికి వచ్చాను. కావాలనే నెమ్మదిగా.

మా ఆవిడ వాకిట్లో నిలబడి ఉంది. ఏమంటుందోనని తల దించుకున్నాను. ఆవిడ బట్టలారేసే తీగ విప్పి, చాకిరేవు బండని తనే దొర్లించి పక్కకి పెట్టింది.

"ఇక్కడ పెట్టుకో" అంది. "నా కళ్ళ ముందే ఉంటావు, ముసుగు తీస్తే తెలుస్తుంది."

కొత్తగా ఎర్త్ గుంట తవ్వాను. తెర కట్టాను. మొదటి గిరాకీ కౌలురైతు, చక్రం విప్పి రిక్షా బండి మీద వేసుకొచ్చాడు. అలవాటుగా తెర తోసుకుని లోపలికి రాబోయాడు. మా ఆవిడ ముగ్గు డబ్బా తీసుకుని వాకిలికి అడ్డంగా తెల్లగా గీత గీసింది.

"ఇది దాటొద్దన్నయ్యా" అంది. "దాటితే నేను ఊరుకోను."

అతను నవ్వలేదు. చెప్పులు కూడా అవతలే విడిచి నిలబడ్డాడు, గుడి అనుకున్నాడో ఏమో. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆవిడ వాకిలి ముగ్గుతో పాటు ఆ గీత కూడా వేస్తోంది. పని ఇదివరకటి కంటే తక్కువే వస్తోంది, దాచడం ఎందుకు. పెద్ద రైతు ట్రాక్టర్లు రావడం లేదు, రావు కూడా. విప్పి తెచ్చేవాళ్ళే వస్తున్నారు. మొన్న కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే కుడి కన్ను ఉన్నట్టే ఉందన్నాడు. ఇంకా అదే పని చేస్తున్నానంటే నమ్మలేక మా ఆవిడ వైపు చూశాడు. "నేను కాపలా ఉన్నానండీ" అంది ఆవిడ.

ఇంతే నా కథ. ఇందులో అక్షరాలు చాలా తప్పిపోయి ఉంటాయి. చదువుకున్నవాళ్ళు దిద్దుకుని చదివి, ఆ తప్పులకి నన్ను మన్నించండి. ఆ రోజు మడిలోకి రానన్న మాటకి మాత్రం మన్నించమని అడగడం లేదు. అది తప్పు కాదు. రాతలో దొర్లిన తప్పుల వరకే దయచేసి క్షమించమని మీ అందరికీ దణ్ణం పెట్టి అడుగుతున్నాను.